ఆసియా మొత్తం ఎందుకురా, ఒక్క నిర్ణయం చాలు

ఒరేయ్ మురళీ,

నీ మెసేజ్ చూడగానే ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు. ఈ ఏడు డిగ్రీ ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టులు నీకు అప్పగించారని, "ఆసియాలో అంతర్జాతీయ వ్యాపార వ్యూహం" మీద చేయించాలని రాశావు. నాకు చాలా ఇష్టమైన సబ్జెక్టు ఇది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గానే చదువు.

ముందుగా ఒక్క మాట. "ఆసియాలో బహుళజాతి కంపెనీల వ్యూహాలు: ఒక అధ్యయనం" అని టైటిల్ పట్టుకొచ్చే వాళ్లు నలుగురైనా ఉంటారు. వాళ్లను అక్కడే ఆపు. అది నేల విడిచి సాము చేయడమే. జపాన్‌లో కుదిరిన పద్ధతి ఇండోనేషియాలో కుదరదు, సింగపూర్ రూల్స్ వేరు, వియత్నాం రూల్స్ వేరు. ఇన్నింటినీ ఒక్క మూటలో కడితే చివరికి మిగిలేది "స్థానిక సంస్కృతిని అర్థం చేసుకోవాలి" అనే ఒక్క వాక్యం. అది ప్రాజెక్టు మొదలుపెట్టక ముందే వాళ్లకు తెలుసు కదా! ఒక కంపెనీ, ఒక దేశం, ఒక నిర్ణయం తీసుకోమను. వెళ్లిందా, బయటికొచ్చేసిందా, ధర తగ్గించిందా, ఎవరితోనైనా చేతులు కలిపిందా? ఆ ఒక్కటీ ఎందుకు జరిగిందో తేలిస్తే డిగ్రీ స్థాయికి అదే గొప్ప పని.

ఉదాహరణకు దక్షిణ కొరియా చూడు. నేను ఎవరికి చెప్పినా మొదట ఇదే చెబుతాను. 2006లో వాల్‌మార్ట్ తన 16 స్టోర్లనూ షిన్‌సెగే అనే కొరియా కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయింది. అదే ఏడాది ఫ్రెంచ్ కంపెనీ కార్ఫూర్ కూడా తన స్టోర్లను ఇ-లాండ్‌కు అమ్మేసింది. పిల్లలు వెంటనే "విదేశీ కంపెనీలకు కొరియా వాళ్ల అలవాట్లు అర్థం కాలేదు" అని రాసేస్తారు. అందులో కొంత నిజముంది. గోడౌన్‌లా ఎత్తైన అరల్లో సరుకు పేర్చడం, తాజా కూరగాయలు, చేపల మీద తగినంత శ్రద్ధ పెట్టకపోవడం వాళ్లను దెబ్బతీశాయని చాలామంది రాశారు. కానీ అప్పుడు నువ్వొక ప్రశ్న వెయ్యి: మరి టెస్కో సంగతేంటి? అదీ విదేశీ కంపెనీయే, బ్రిటన్‌ది. 1999లో శాంసంగ్‌తో కలిసి దిగింది, హోమ్‌ప్లస్ పేరుతో నడిచింది, మిగతా ఇద్దరూ వెళ్లిపోయాక కూడా ఉంది. అంతేకాదు, కార్ఫూర్ వదిలేసిన స్టోర్లను 2008లో ఇ-లాండ్ దగ్గర కొనుక్కున్నది కూడా టెస్కోయే.

చూశావా, ఇక్కడ ప్రశ్న ఎంత పదునెక్కిందో! దేశం ఒకటే, కాలం ఒకటే, ముగ్గురూ బయటివాళ్లే. ఇద్దరు చేతులెత్తేశారు, ఒకరు నిలబడ్డారు. అలాంటప్పుడు "సంస్కృతి" అనే ఒక్క మాట జవాబు కాలేదు. లోకల్ భాగస్వామి ఉండటం వల్లనా? స్టోర్ల సంఖ్య వల్లనా? 16 స్టోర్లతో సప్లయర్ల దగ్గర బేరమాడే బలం ఎంత వస్తుంది? పోటీలో ఉన్న ఈమార్ట్‌కు అప్పటికే దానికి ఎన్నో రెట్లు స్టోర్లు ఉన్నాయి. ఇంకో మలుపు కూడా ఉంది. టెస్కో కూడా 2015లో హోమ్‌ప్లస్‌ను అమ్మేసింది. దానికి కారణం వెతకాలంటే కొరియాలో కాదు, బ్రిటన్‌లో వెతకాలి. సొంత దేశంలో కష్టాల్లో పడి, అప్పుల భారం దించుకోవడానికి అమ్ముకుంది. ఒక దేశం నుంచి తప్పుకోవడమంటే ఆ దేశంలో ఓడిపోవడమే అని పిల్లలు అనుకుంటారు. ఆ అపోహ పోగొట్టడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వియత్నాంలో హోండా కథ కూడా ఇలాంటిదే. 2000 ప్రాంతంలో చైనా బైకులు చవగ్గా వచ్చిపడి మార్కెట్‌ను ముంచెత్తాయి. హోండా 2002లో వేవ్ ఆల్ఫా అనే మోడల్‌ను తన పాత బైకుల కంటే బాగా తక్కువ ధరకు దింపింది. ఖర్చు తగ్గించుకోవడానికి చైనాలో తయారైన విడిభాగాలు కూడా వాడింది. చైనా బైకులు వెనకబడ్డాయి. హోండా తెలివైన వ్యూహం అని ఇక్కడితో చాప్టర్ ముగించేస్తే సగమే చెప్పినట్టు. అదే ఏడాది వియత్నాం ప్రభుత్వం విడిభాగాల దిగుమతి మీద కోటా పెట్టింది. మరి గెలిపించింది ధరా, కోటానా? ఆ రెండింటినీ విడదీయడానికి ప్రయత్నించినంత మాత్రాన నేనైతే ఆ పిల్లకు మంచి మార్కులే వేస్తాను, పూర్తిగా తేల్చలేకపోయినా సరే.

కొత్తవి కావాలనేవాళ్లకు ఇండోనేషియాలో టిక్‌టాక్ షాప్ (టిక్‌టాక్ యాప్‌లోనే వస్తువులు కొనుక్కునే ఏర్పాటు) ఇవ్వు. 2023 సెప్టెంబరులో ప్రభుత్వం సోషల్ మీడియా యాప్‌లలో నేరుగా అమ్మకాలు జరగకూడదని రూల్ తెచ్చింది. అక్టోబరులో షాప్ మూతపడింది. డిసెంబరుకల్లా టోకోపీడియా అనే ఇండోనేషియా ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీలో 75 శాతం వాటా కొంటున్నామని ప్రకటించి మళ్లీ తెరిచారు. ఒక రూల్ కంపెనీ ఎంట్రీ పద్ధతినే మార్చేసింది. తేదీలన్నీ స్పష్టంగా ఉన్నాయి కాబట్టి పని సులువు.

ఇక డేటా. దీని గురించే టెన్షన్ పడుతున్నావని తెలుసు. గూగుల్ ఫామ్ చేసి, వంద మంది క్లాస్‌మేట్స్‌తో నింపించి, శాతాలు లెక్కేయడం మాత్రం వద్దురా. ఊబర్ ఆగ్నేయాసియా నుంచి ఎందుకు తప్పుకుందో వాళ్లకేం తెలుస్తుంది? ఆ జవాబు కాగితాల్లో ఉంది. 2018 మార్చిలో ఊబర్ అక్కడి తన వ్యాపారాన్ని, ఊబర్‌లాగే యాప్‌లో క్యాబ్‌లు నడిపే పోటీ కంపెనీ గ్రాబ్‌కు ఇచ్చి, బదులుగా 27.5 శాతం వాటా తీసుకుంది. దాని మీద సింగపూర్ పోటీ నియంత్రణ సంస్థ విచారణ జరిపి, ఇద్దరికీ కలిపి సుమారు 1.3 కోట్ల సింగపూర్ డాలర్ల జరిమానా వేసింది. ఇలాంటి సంస్థలు తమ నిర్ణయాలకు కారణాలు రాస్తాయి, మార్కెట్ ఎవరి చేతిలో ఎంత ఉందో అందులో చర్చిస్తాయి. పైగా గ్రాబ్ 2021 నుంచి అమెరికా స్టాక్ ఎక్స్చేంజి నాస్‌డాక్‌లో ఉంది కాబట్టి దాని వార్షిక నివేదికలు ఎవరైనా ఉచితంగా తెరిచి చూడొచ్చు. అందులో "రిస్క్" భాగం తప్పకుండా చదివించు. కంపెనీ తనకు దేని గురించి భయమో ఇన్వెస్టర్లకు చెప్పి తీరాల్సిన చోటు అది.

సిద్ధాంతం ఒక్కటి చాలు. నా ఓటు పంకజ్ ఘెమావత్ 2001లో ప్రతిపాదించిన 'కేజ్' చట్రానికి. దేశాల మధ్య దూరాన్ని సంస్కృతి, పాలన, భౌగోళికం, ఆర్థికం అని నాలుగు వైపుల నుంచి కొలుస్తుంది. పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది. డన్నింగ్, ఉప్సాలా, పోర్టర్ అంటూ పేరున్న వ్యాపార సిద్ధాంతాలన్నిటినీ రెండో చాప్టర్‌లో వరుసగా నిలబెట్టి, నాలుగో చాప్టర్‌లో ఒక్కదాన్నీ పలకరించని ప్రాజెక్టులు చాలా చూశాను. చదువుతుంటే బాధేస్తుంది, అంత కష్టం వృథా అయిపోయిందే అని. ఏ సిద్ధాంతం తీసుకున్నా, అది దేన్ని వివరించలేకపోయిందో కూడా ఒక పేరా రాయమను.

పిల్లలు ఎంచుకున్న టైటిళ్లు ఆదివారంలోగా నాకు పంపు. ప్రశ్న గుర్తు లేని టైటిల్ కనిపిస్తే దాని పక్కనే ఒక ప్రశ్న రాసి తిప్పి పంపుతాను. కొరియా తీసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే నా నంబర్ ఇవ్వు, నేరుగా నేనే మాట్లాడతాను.

నీ
రవి