శాసనం దగ్గరే సభ పెట్టండి

సంపాదక మహాశయులకు,

హనుమకొండ, వరంగల్‌లలోని చరిత్ర, పురావస్తు అభిమాన సంఘాలు ఏర్పాటు చేసే ప్రసంగాలు, క్షేత్ర సందర్శనలు, కార్తీకంలో ఏదో ఒక పాత గుడి పక్క చెరువు గట్టున పెట్టుకునే వనభోజనాల వార్తలు మీ జిల్లా పేజీల్లో చదువుతుంటాను; వీలు చిక్కినప్పుడు వెళ్లి కూర్చుంటాను కూడా. అయితే ప్రసంగాలు నగరంలోని హాళ్లలోను, సందర్శనలు రామప్ప, వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ చుట్టూనే సాగినంత కాలం, పొలాల గట్ల మీద, చెరువు కట్టల పక్కన పడి ఉన్న రాతి శాసనాలకు, పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన వీరగల్లులకు వాటివల్ల ఒరిగేదేమీ లేదు. రాయి ఉన్న ఊళ్లో, ఆ రాయి ముందే, ఆ ఊరివాళ్లు వినేటట్లుగా ప్రసంగం జరగాలన్నది నా మనవి.

2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు జనం కొరత లేదు. కానీ వచ్చినవారిలో ఎక్కువమంది నీళ్ల మీద తేలే ఇటుకల ముచ్చట విని, మదనికలనే స్త్రీ శిల్పాల ముందు ఫొటో దిగి వెళ్లిపోతారే తప్ప, ఆ గుడిని శక సంవత్సరం 1135లో, అంటే 1213లో, రేచర్ల రుద్రుడు కట్టించాడని చెప్పే శాసన స్తంభం అదే ఆవరణలో ఉన్నదని గమనించరు. అంత దూరం ఎందుకు, హనుమకొండ నడిబొడ్డున పద్మాక్షి గుట్ట ఉంది. సద్దుల బతుకమ్మ నాడు గుండం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. గుట్ట మీద నాలుగు ముఖాల నల్లరాతి స్తంభం, దాని మీద జైన తీర్థంకరుల రూపాలు, కాకతీయ రాజు రెండో ప్రోలరాజు కాలపు 1117 నాటి శాసనం ఉన్నాయని ఆ జనంలో ఎందరికి తెలుసు? బతుకమ్మకు పది రోజుల ముందు అక్కడే ఒక సాయంత్రం ప్రసంగం పెడితే అద్దె హాలు, మైకు సెట్టు ఖర్చు కూడా తప్పుతుంది.

సాయంత్రమని ఊరికే అనలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో అరిగిన అక్షరం కనిపించదు. ఉదయం గాని, పొద్దు వాలినప్పుడు గాని ఏటవాలు వెలుతురు పడితేనే గాట్లలో నీడ నిలిచి అక్షరం లేచి వస్తుంది. తెలిసినవారు పక్కన నిలబడి పైనున్న సూర్యచంద్రుల గుర్తుల నుంచి మొదలుపెట్టి, స్వస్తిశ్రీ దగ్గర నుంచి పంక్తి పంక్తీ చదివి వినిపిస్తే, చదువు రానివాళ్లు కూడా కదలరు. ఒక ఊళ్లో, చెరువు వెనుక ఇన్ని మర్తురుల (మర్తురు పాతకాలపు భూమి కొలత) నీరునేల దేవుడికి ఇచ్చినట్టు చదువుతుండగా ఒక పెద్దాయన లేచి, ‘ఆ తూము ఇప్పటికీ ఉన్నది సారూ’ అని చేయి చూపించాడు. దానం చేసిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడన్న చివరి శ్లోకానికి అర్థం చెప్పినప్పుడు అందరూ నవ్వారు; నవ్వి ఊరుకోలేదు, ఆ భూమి ఇప్పుడు ఎవరి పట్టాలో ఉందని వాదన పెట్టుకున్నారు. హాల్లో ఇచ్చే ఏ ప్రసంగానికీ ఇంత చర్చ జరగగా నేను చూడలేదు.

శాసనాన్ని కాపాడవలసింది కూడా వాళ్లే. వీరగల్లుకు భక్తితో రంగు పూసేదీ, పొలం చదును చేసేటప్పుడు అడ్డంగా ఉందని జేసీబీతో పక్కకు నెట్టేదీ ఊళ్లోనే. గుప్తనిధుల పిచ్చితో రాత్రిపూట విగ్రహం కింద తవ్వేవాళ్లు ఎవరైనా సరే, వాళ్లను ముందుగా చూసేదీ ఊరివాళ్లే. ఆ రాతి మీద ఏముందో వాళ్లకు ఎవరూ చెప్పకుండా, కాపాడలేదని మనం నగరంలో కూర్చుని వాపోవడం న్యాయం కాదు. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనంలో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. వాటిని ఆ గుట్ట మీదే ఆ చుట్టుపక్కల బడిపిల్లల చేత రాగయుక్తంగా చదివించవచ్చు. పిల్లలు ఇంటికి వెళ్లి అప్పజెబితే ఆ పద్యాలు తల్లిదండ్రుల చెవిన కూడా పడతాయి. మేడారం వెళ్లే దారికి దగ్గరలోని దామరవాయిలో బృహత్ శిలాయుగపు, అంటే పెద్ద పెద్ద రాళ్లతో కట్టిన చరిత్రపూర్వ సమాధులున్నాయి. అక్కడికి వెళ్లే బృందాలు మాత్రం తమ భోజనాల ఆకులు, నీళ్ల సీసాలు తామే ఏరి తెచ్చుకోవాలని వేరే చెప్పాలా?

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ఈ సభల వార్తల్లో ఎప్పుడూ వేదిక, శాలువాలు, జ్ఞాపికలే కనిపిస్తాయి. చర్చించిన శాసనం ఫొటో మాత్రం ఉండదు. ఆ వార్త కూడా కార్యక్రమం ముగిశాక వస్తుంది. ఆదివారం సందర్శన ఉంటే శనివారం సంచికలోనే ఏ ఊరికి, ఎక్కడి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరుతారో, శాసనం ఎవరు చదివి వినిపిస్తారో రెండు వాక్యాల్లో వేయగలరు. ఆ ఊరి పేరు మండలంతో సహా ఉంటే అక్కడివాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ