గుమ్మం ఒక్కటే ఉంచితే సరిపోదండి

సంపాదకుడు గారికి,

మా ఊరి పాత కోటగుమ్మం రోడ్డు వెడల్పుకి అడ్డమొస్తోందంటున్న గొడవ మీద మొన్న మీ పేపర్లో ఒకాయన ఉత్తరం రాశారు, "ఫారిన్‌లో అయితే రాయి కూడా కదపరు" అని కూడా అన్నారు. అంత లేదండి. మా అబ్బాయి ఉద్యోగం ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్‌లో, మూడు నెలలు ఉండొచ్చాను, అదీ రేవు పట్నమే. నడిబొడ్డున బార్‌గేట్ అని గుమ్మం ఉంది, 1180 ప్రాంతంలో కట్టిందట, ఉత్తరం నుంచి ఊళ్ళోకి రావాలంటే అప్పట్లో అదే దారి. ముందు రెండు సింహాలు, వెనక గోడ మీద మూడో జార్జి రాజు రోమన్ డ్రెస్సులో (అచ్చం మన పౌరాణిక నాటకం వేషంలా ఉంటాడు).

ట్రాములు వచ్చాక ఆ ఆర్చి కిందనుంచే నడిపారు. మేడ ట్రాములు కదా, పైన కప్పు పెడితే పట్టదు, అందుకని పై అంతస్తులో జనాన్ని మధ్యన వీపుకి వీపు ఆనించి కూర్చోబెట్టేవాళ్ళు, ఆర్చి కింద లేచి నిలబడ్డారా తల రాయికి కొట్టుకోడమే. 1923లో ఆ ఆర్చి వంపుకి సరిపోయేట్టు గుండ్రటి టాపుతో కొత్త ట్రాములే చేయించుకున్నారు. అంటే గుమ్మానికి తగ్గట్టు బండిని మార్చారు, ఇది నాకు భలే నచ్చింది.

కానీ ట్రాఫిక్ పెరిగేసరికి వాళ్ళూ మనలాగే చేశారు. 1930ల్లో గుమ్మానికి అటూ ఇటూ ఉన్న కోటగోడ పడగొట్టి పక్కలనుంచి రోడ్డేశారు. 1338లో ఫ్రెంచివాళ్ళు సముద్రం మీదుగా వచ్చి ఊరు దోచుకుంటే, రేవు వైపు గోడ లేకపోవడం వల్లే కదా అని అటు కూడా కట్టుకున్న ఊరండీ అది! ఆ ట్రాములు కూడా 1949లో పోయాయి. ఇప్పుడు గుమ్మం ఒంటరిగా నిలబడి ఉంది, పక్కన గోడ తెగిన చోట రాళ్ళు బయటికి కనబడుతుంటాయి, నేను అక్కడ బెంచీ మీద కూర్చుని చాలాసేపు అదే చూశాను.

మా ఊళ్ళో కూడా "గుమ్మం ముట్టుకోం" అంటున్నారు, గోడ సంగతి మాత్రం ఎవరూ ఎత్తట్లేదు. మీ విలేకరిని ఒకసారి పంపి ఆ రోడ్డు వెడల్పు ప్లాను కాగితంలో గోడ ఉందో లేదో కాస్త చూడమనండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు