ఎక్కడి దాకా వచ్చింది?

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

కిందటి వారం ఆరో తరగతి గది పక్కగా వెళ్తూ కిటికీ దగ్గర ఆగాను. ఒక పాప భిన్నాల లెక్క చేస్తోంది, చెరిపేస్తోంది, మళ్లీ చేస్తోంది. రబ్బరు రాపిడికి కాగితం పలచబడి ఒకచోట చిల్లు కూడా పడింది. చివరికి "నాకు రాదు టీచర్" అని పుస్తకం మూసేసింది. వాళ్ల ఉపాధ్యాయురాలు మందలించలేదు, "వస్తుందిలే" అని ఊరడించనూ లేదు. పక్కన కూర్చుని, "ఎక్కడి దాకా వచ్చింది?" అని అడిగారు. పాప పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించింది. హారాలు సమానం చేసేదాకా వచ్చింది, లవాల దగ్గర ఆగిపోయింది. సగం లెక్క ఆ పాపకు వచ్చినట్టే. మిగతా సగం ఆ పీరియడ్‌లోనే పూర్తయింది.

"రాదు" అనుకున్నాక చేయడానికి ఇక ఏమీ మిగలదు. "ఇక్కడిదాకా వచ్చింది" అనుకుంటే తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో కనిపిస్తుంది. సానుకూల ఆలోచన అని మనం తరచూ వినే మాటకు నేను చెప్పుకునే అర్థం ఇదే.

అంతా మంచే జరుగుతుందని కళ్లు మూసుకుని ఊహించుకోవడం వేరే సంగతి. మనస్తత్వవేత్త గాబ్రియెలె ఓటింగెన్, సహ పరిశోధకురాలితో కలిసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, చదువు ముగిస్తున్న విద్యార్థులను రెండేళ్ల పాటు గమనించారు. కోరుకున్న ఉద్యోగం వచ్చేసినట్టు తీయగా ఊహించుకుంటూ గడిపినవారు తక్కువ దరఖాస్తులు పెట్టారు, వారికి వచ్చిన ఉద్యోగాలూ జీతాలూ తక్కువే. తమ శక్తిపై నమ్మకంతో ఉద్యోగం దొరుకుతుందని ఆశించినవారి ఫలితాలు మాత్రం మెరుగ్గా ఉన్నాయి. అందుకే మా తరగతుల్లో పిల్లలు లక్ష్యం రాసుకున్నప్పుడు, దాని కిందే "నాకు అడ్డు వచ్చేది ఏమిటి? అది వచ్చినప్పుడు ఏం చేస్తాను?" అని కూడా రాయిస్తున్నాం. ఒక బాబు "సాయంత్రం ఫోను చేతిలోకి తీసుకుంటే ఇక చదవను, కాబట్టి చదువు అయ్యేదాకా దాన్ని అమ్మకు ఇస్తాను" అని రాశాడు. పెద్ద పెద్ద సంకల్పాల కంటే ఈ ఒక్క వాక్యం మీదే నాకు నమ్మకం ఎక్కువ.

మెచ్చుకోవడం గురించి ఒక మాట. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన పరిశోధనలో ఐదో తరగతి పిల్లలకు మొదట తేలికైన చిక్కుప్రశ్నలు ఇచ్చి, కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అని, మరికొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత చాలా కఠినమైనవి ఇచ్చారు. ఆ దెబ్బ తిన్నాక మళ్లీ మొదటి స్థాయి ప్రశ్నలే ఇస్తే, తెలివిని మెచ్చుకున్న పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు. శ్రమను మెచ్చుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. ప్రేమతో అన్న మాటే పిల్లలకు భయమైపోవచ్చని ఇది చదివాకే నాకు అర్థమైంది.

ఇదే ఆలోచన బడి బాగుకూ పనికొస్తుందని ఏడో తరగతి పిల్లలు చూపించారు. నీళ్ల కుళాయి ఒకటి కారుతోందని రెండు నెలలుగా ఫిర్యాదులు వస్తున్నా, నేను "చూద్దాం" అంటూ వచ్చాను. ఆ నిర్లక్ష్యం నాదే. పిల్లలు ఒకరోజు కుళాయి కింద బకెట్ పెట్టి, ఒక్క పీరియడ్‌లో సగం నిండిందని కొలిచారు. రోజుకు ఎన్ని బకెట్లవుతాయో లెక్కకట్టి, మూడు వాక్యాల అర్జీ నా బల్ల మీద పెట్టారు. కుళాయి ఆ సాయంత్రమే మారింది. ఇప్పుడు మిగిలిన కుళాయిలను కూడా వంతులవారీగా వాళ్లే చూసుకుంటున్నారు.

ఆ పిల్లలకు ప్రార్థన సమయంలో కెన్యా పర్యావరణవేత్త వంగారీ మాథాయ్ గురించి చెప్పాను. కట్టెల కోసం చాలా దూరం నడవాల్సి వస్తోందని, వాగులు ఎండిపోతున్నాయని కెన్యా పల్లె మహిళలు చెప్పుకున్న కష్టం విని, "అయితే చెట్లు నాటుదాం" అన్నారావిడ. 1977లో మొదట నాటినవి ఏడు మొక్కలు. వాటిలో బతికినవి రెండే. చదువు లేని ఆడవాళ్లకు మొక్కల పెంపకం ఏం తెలుస్తుందన్నవారూ ఉన్నారు. ఆ మహిళలే విత్తనాలు ఏరి, పగిలిన కుండల్లో నారు పోసి నేర్చుకున్నారు. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చేనాటికి అలా ఆమె మొదలుపెట్టిన ఉద్యమం నాటిన చెట్లు దాదాపు మూడు కోట్లు. ఐదు మొక్కలు ఎండిపోయిన రోజున ఆమె ఏమనుకుని ఉంటారని ఒక పాప అడిగింది. దానికి జవాబు పిల్లలనే రాసి తెమ్మన్నాను. వాళ్లు ఇంట్లో మిమ్మల్ని కూడా అడుగుతారు, దయచేసి కాసేపు వాళ్లతో కూర్చోండి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల పట్టిక చివరగా చూద్దాం. ముందుగా మీ పిల్లల నోటుపుస్తకం ఒకటి తీసుకురండి. ఎక్కువసార్లు చెరిపిన పేజీ ఉన్న పుస్తకమే తెండి. ఎక్కడి దాకా వచ్చిందో ముగ్గురం కలిసి చూద్దాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు