సింగపూర్ కార్మికుల లెక్క ఎవరి దగ్గర ఉంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో విదేశాల్లోని భారతీయుల బజార్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. లండన్‌లో సౌతాల్, న్యూజెర్సీలో ఓక్ ట్రీ రోడ్డు, షికాగోలో డెవాన్ అవెన్యూ అన్నీ ఫొటోలతో సహా బాగున్నాయి. సింగపూర్ లిటిల్ ఇండియాకు మాత్రం నాలుగు వాక్యాలే దక్కాయి. దీపావళి దీపాలు, బంగారు దుకాణాలు, అర్ధరాత్రి దాటినా తెరిచి ఉండే ముస్తఫా సెంటర్, అరటాకులో భోజనం. అబద్ధమేమీ లేదు. మా చిన్నబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు కనుక నిరుడు నెల రోజులు ఉండి వచ్చాను. ఆ వీధులు వారంలో ఆరు రోజులు ఒక తీరుగా, ఆదివారం మరో తీరుగా ఉంటాయి. వ్యాసకర్త ఆ ఆరు రోజుల్లోనే ఎప్పుడో వెళ్లి ఉంటారు.

అక్కడి కార్మికులు ఆ పేటను లిటిల్ ఇండియా అనరు. టెక్కా అంటారు, అక్కడి పెద్ద మార్కెట్ పేరుతో. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ గుర్రప్పందేల మైదానం, పశువుల వ్యాపారం, ఇటుక బట్టీలు ఉండేవి. దానికి గుర్తుగా బఫెలో రోడ్డు, కెర్బౌ రోడ్డు ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. మలయ్ భాషలో కెర్బౌ అన్నా గేదే, అంటే ఒకే గేదెకు రెండు వీధులు! 1989లో సింగపూర్ ప్రభుత్వం దాన్ని పరిరక్షించాల్సిన ప్రాంతంగా ప్రకటించి, పాత మేడలను రంగులతో నిలబెట్టుకుంది. ఆ విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి.

ఆదివారం మధ్యాహ్నం దాటాక ఊరి చివరి డార్మెటరీల నుంచి జనం దిగుతారు. సెరంగూన్ రోడ్డు మీద భుజాలు రాసుకోకుండా నడవలేం. బెంగాలీ, తమిళం, మధ్యమధ్య మన తెలుగు. డబ్బు పంపే కౌంటర్ల ముందు బారులు. రేస్ కోర్స్ రోడ్డు వైపు పచ్చిక మీద పాత పేపర్లు పరుచుకుని కూర్చున్నవాళ్లలో మా పక్క మండలం అబ్బాయి కనిపించాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. షిప్‌యార్డులో వెల్డర్. మోచేతుల దాకా నిప్పురవ్వలు పడిన మచ్చలు. ఒళ్లో ప్లాస్టిక్ సంచి, అందులో రెండు గోంగూర కట్టలు. మాట్లాడుతుండగానే ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చింది. అతను లేచి, వెనక వీధి దీపాలు పడేలా ఫోను తిప్పి పట్టుకున్నాడు. తర్వాత నవ్వుతూ చెప్పాడు: "గదిలో పన్నెండు మందిమి సార్. అది మా అమ్మకు చూపించను. ఆదివారం ఇక్కడి నుంచే మాట్లాడతాను." మీ వ్యాసంలోని ఆ దీపాలే.

అతని గదిలోనే ఉండే మన జిల్లావాడు ఒకరు నిద్రలో గుండెపోటుతో చనిపోయారట. తోటివాళ్లు తలా కొంత వేసుకుని ఇంటికి పంపారు. ఇక్కడ ఆ భార్య సాయం కోసం అర్జీ పెట్టుకుంటే "సింగపూర్ గల్ఫ్ కాదు కదమ్మా" అన్న జవాబు వచ్చిందని విన్నాను.

అన్నవారి తప్పు లేదు, ఉత్తర్వులే అలా ఉన్నాయి. 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చిన మంచి నిర్ణయం. కానీ అది గల్ఫ్ దగ్గరే ఆగింది. కేంద్రం సంగతి ఇంకా విచిత్రం. 1983 నాటి వలస చట్టం కింద పదో తరగతి పాసుకాని కార్మికుడు 18 దేశాలకు వెళ్లాలంటే ముందే అనుమతి పొందాలి. దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో పోతే 10 లక్షలు. ఆ 18లో మలేషియా ఉంది. వంతెన దాటితే వచ్చే సింగపూర్ లేదు. కనుక ఏ ఊరి నుంచి ఎవరు వెళ్లారన్నది ఢిల్లీకీ తెలియదు, హైదరాబాద్‌కూ తెలియదు. స్కిల్ టెస్టు రాయించి, లక్షలు పుచ్చుకుని పంపిన ఏజెంటుకు తెలుసు.

సింగపూర్‌ను గల్ఫ్‌తో పోల్చకూడదని, పనిలో ప్రమాదం జరిగితే యజమాని కట్టిన బీమా నుంచి పరిహారం వస్తుందని మా అబ్బాయి నాతో వాదించాడు. ఒప్పుకుంటాను. కానీ పనితో సంబంధం లేని చావుకు ఆ బీమా రాదు. ఏజెంటు కోసం చేసిన అప్పు తీరకముందే పని పోయినవాడికీ రాదు. గాయపడి, పని పోయి, కేసు తేలక మిగిలిపోయినవాళ్లకు టెక్కాలోనే కఫ్ రోడ్డులో 2008లో ఉచిత భోజనం మొదలుపెట్టింది టీడబ్ల్యూసీటూ అనే అక్కడి స్వచ్ఛంద సంస్థ. పెట్టింది సింగపూర్‌వాళ్లు, మనం కాదు.

ఆ పేటను ప్రపంచం ఒక్కసారే పట్టించుకుంది. 2013 డిసెంబరు 8 ఆదివారం రాత్రి, రేస్ కోర్స్ రోడ్డు మలుపులో బస్సు కింద పడి తమిళనాడు కార్మికుడు ఒకరు చనిపోయారు. అల్లర్లు చెలరేగాయి. నలభై ఏళ్లకు పైగా ఆ దేశం అలాంటిది ఎరగదు. 25 మంది మీద కేసులు పెట్టారు, 57 మందిని వెనక్కి పంపేశారు. తర్వాత అక్కడ మద్యం మీద ఆంక్షలు వచ్చాయి. కోవిడ్ తగ్గాక కూడా కొంతకాలం డార్మెటరీ కార్మికులు ఆదివారం టెక్కాకు రావాలంటే ముందుగా పాస్ తీసుకోవలసి వచ్చింది. మా అబ్బాయి లాంటివాళ్లకు ఆ పాస్ అవసరం పడలేదు.

ప్రభుత్వాన్ని నేను అడిగేది చిన్న సవరణ. గల్ఫ్ ఉత్తర్వుల్లో సింగపూర్ పేరు చేర్చాలి. పేర్లు నమోదు చేసుకునే మనిషిని నెలకొక ఆదివారం టెక్కాలో కూర్చోబెట్టాలి. జనాన్ని వెతుక్కోనక్కరలేదు, వాళ్లే వస్తారు. శ్రీకాకుళం ఉద్దానం నుంచి వెళ్లిన వెల్డర్లూ అదే పచ్చిక మీద కనిపించారు కనుక ఈ మాట ఆంధ్ర ప్రభుత్వానికి కూడా చెబుతున్నాను.

మీ విలేకరి ఎవరైనా మళ్లీ వెళ్తే ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక వెళ్లమనండి. మంగళవారం ఆ పచ్చిక ఖాళీగా ఉంటుంది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జగిత్యాల జిల్లా