ఇంటికి బయలుదేరాం

అందరికీ వందనాలు. ఉగాండాలో మా పరిచర్య ముగిసింది. రేపు ఎంటెబ్బేలో విమానం ఎక్కి, అడిస్ అబాబాలో మారి ముంబై, అక్కడి నుంచి హైదరాబాద్. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చూపే కార్డులు, పిల్లలవి కూడా, నా జేబుసంచిలోనే ఉన్నాయి. అవి లేకపోతే దిగగానే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు, నా టెన్షనంతా అదే. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ టికెట్లు ఇంకా ఆర్‌ఏసీలోనే ఉన్నాయి, ప్రార్థించండి (నవ్వకండి!). పొద్దున్నే పాలకొల్లులో దిగుతాం. చించినాడ వంతెన దాటి రాజోలు రావాలి, సామానుకి ఆటో చాలదు. ఎవరిదైనా వ్యాన్ ఉంటే చెప్పండి, డీజిల్ నేను పోయిస్తాను.

పిల్లలు అక్కడి మటోకే, అంటే ఉడికించిన పచ్చరటి ముద్ద, తిని తిని విసిగిపోయారు. కోనసీమ పిల్లలకి అరటి మీద విసుగా! పిన్నిగారూ, బిర్యానీలేం వద్దు, వేడన్నం, గోంగూర పచ్చడి చాలు. ఆదివారం చర్చిలో సాక్ష్యం మా ఆవిడే చెబుతుంది.