చప్పిడి తిండి అనేస్తే ఎలా?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో లండన్ యాత్రా వ్యాసం చదివాను. టవర్ బ్రిడ్జి గురించి అంత వివరంగా రాసి, తిండి దగ్గరకొచ్చేసరికి 'ఉప్పూకారం లేని చప్పిడి కూడు' అని ఒక్క ముక్కలో తేల్చేయడం బాధ కలిగించింది.

వేయించిన చేపనూ బంగాళాదుంప ముక్కలనూ కలిపి ఇచ్చే ఫిష్ అండ్ చిప్స్‌నే తీసుకోండి. చేపను పిండిలో ముంచి వేయించే పద్ధతి స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదులతో ఇంగ్లండ్ చేరింది. రైళ్లు వచ్చాక సముద్రపు చేప లోతట్టు ఊళ్లకూ చేరి, 19వ శతాబ్దం రెండో సగంలో మిల్లు కార్మికుల కడుపు నింపింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో రేషన్ మొదలై వెన్న, చక్కెర, బేకన్ కొలిచి ఇచ్చిన రోజుల్లోనూ ప్రభుత్వం దీని జోలికి పోలేదు. ఆకలిగొన్న జనానికి అదెంత ఊరటో ఆలోచించండి!

ఉత్తర ఇంగ్లండ్‌లోని మా యార్క్‌షైర్‌లో ఇప్పటికీ చాలా దుకాణాల్లో గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. అది తినని మనవాళ్లు ముందే అడిగి కొనుక్కోవాలి. యాత్రికులకు కావలసింది ఇలాంటి సంగతులే కదా. పొగలు కక్కే కాడ్ చేప మీద ఉప్పు, మాల్ట్ వెనిగర్ చల్లగానే ముక్కుకు తగిలే ఆ పుల్లటి ఘాటు ఎరిగిన నాకు, దాన్ని చప్పిడి అనడానికి నోరు రాదు. వచ్చే సంచికల్లో బ్రిటన్ వంటలకూ ఒక పేజీ కేటాయించండి.

– ఒక పాఠకురాలు, లీడ్స్