కొత్తగా లేజర్ పట్టినవారికి డబ్బు కట్టే కోర్సు అవసరమా? మన ఎన్‌గ్రేవర్ల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘాన్ని అన్నిటికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒక్కటే: "లేజర్ కిరణంతో చెక్కే, కోసే మెషీన్ కొన్నాను, ఏ ఆన్‌లైన్ కోర్సులో చేరమంటారు?" పెట్టె విప్పకముందే ఫోన్ చేసి అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఇంతకుముందు కమిటీ "మీ ఇష్టం, చూసుకోండి" అని ఊరుకునేది. కొత్తగా వచ్చినవాళ్లు అప్పటికే మెషీన్ మీద పెద్ద మొత్తం పెట్టి ఉంటారు. ఆ పైన కోర్సుకు కట్టాలా వద్దా అని అడిగితే దాటవేయడం సరికాదని ఈసారి నిర్ణయించుకున్నాం. ఏడాది పనిలో ఎక్కువ భాగం దీనికే పోయింది, అందుకే నివేదికలోనూ దీనికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందు కోర్సులు చేసిన సభ్యులతో కూర్చున్నాం. ఏం నేర్పారు, అందులో ఎంత మెషీన్ దగ్గర పనికొచ్చింది, ఏది లేక ఇబ్బంది పడ్డారు అని అడిగాం. డబ్బు కట్టిన రికార్డింగులు మాత్రం ఎవరి దగ్గరా తీసుకోలేదు, అది తప్పు. అందరికీ కనిపించే పాఠాల జాబితాలనే ఉచితంగా దొరికే సమాచారం పక్కన పెట్టి పోల్చాం.

మొదటి మెట్టు పాఠాల్లో తేడా చాలా తక్కువగా కనిపించింది. ఫైల్ తెరవడం, లేయర్లకు రంగులు ఇవ్వడం, లైన్‌కూ (గీత వెంట వెళ్లడం) ఫిల్‌కూ (లోపలంతా నింపడం) తేడా, ఫొటోను చుక్కలుగా మార్చడం వంటివన్నీ, లేజర్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్ లైట్‌బర్న్ వాళ్ల సొంత డాక్యుమెంటేషన్‌లోనే ఉన్నాయి. అది చదవడానికి ఏమీ కట్టక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ కొనాల్సిందే అయినా 30 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. విండోస్ మీద డయోడ్ మెషీన్ (చిన్న సెమీకండక్టర్ ముక్క నుంచి నీలి కిరణం వచ్చే రకం) నడిపేవాళ్లకు లేజర్‌జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్, డిజైన్ గీసుకోవడానికి ఇంక్‌స్కేప్ ఉచితంగానే దొరుకుతాయి.

అలాగని కోర్సులు దండగ అనడం లేదు. వాటిలో అమ్ముడయ్యేది వరుస. ఉచిత వీడియోలతో మొదలుపెట్టినవారు ఇవాళ ఫోకస్ గురించి చూస్తారు, రేపు గ్లాసు మీద చెక్కడం, ఎల్లుండి వ్యాపారం. దేని తర్వాత ఏదో తెలియక నెలలు గడిచిపోతాయి. కోర్సు ఆ గందరగోళం నుంచి కాపాడుతుంది. కమిటీలోనే ఒక పెద్దాయన ఈ మాట గట్టిగా చెప్పారు: డబ్బు కట్టినవారు పాఠం మధ్యలో వదలరు, ఊరికే దొరికింది సగంలోనే ఆగిపోతుంది అని. ఆయన మాటలో నిజముంది. అయితే ఆ వరుస అంతా ఒక్క కాగితం మీద సరిపోతుంది, మేం రాసి చూశాం. ముందు భద్రత, తర్వాత ఫోకస్, ఆపైన ఒకే ఒక్క గీత, తర్వాత టెస్ట్ గ్రిడ్ (స్పీడు, పవర్ మార్చుకుంటూ ఒకే ముక్క మీద కాల్చే గడులు), దాని తర్వాత కటింగ్, అన్నిటికన్నా చివర ఫొటో. చాలామంది ఫొటోతో మొదలుపెట్టి నిరుత్సాహపడుతున్నారు. ఈ కాగితాన్ని సభ్యులందరికీ పంపాం.

ఇక ఎక్కువ నిరాశ కలిగించింది సెట్టింగుల పట్టికలు. "ఈ చెక్కకు ఇంత స్పీడు, ఇంత పవర్" అంటూ ఇచ్చే పట్టిక కోసమే కోర్సు కొన్నవాళ్లు ఉన్నారు. ఒకరి మెషీన్ మీద కుదిరిన అంకె ఇంకొకరి దగ్గర ఎందుకు కుదరదో కొంచెం వివరంగా చెప్పాలి. చెక్కమీద పడే కిరణం చుక్క ఎంత సన్నగా ఉందన్నది లెన్స్‌ను బట్టి, ఫోకస్ దూరాన్ని బట్టి మారుతుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌లో కిరణాన్ని పుట్టించే ట్యూబ్ వాడేకొద్దీ బలం తగ్గుతుంది. అద్దాల అమరిక కాస్త పక్కకు జరిగినా కిందికి చేరే శక్తి తగ్గుతుంది. ఎయిర్ అసిస్ట్ (కాలే చోట గాలి ఊదే ఏర్పాటు) ఉందా లేదా అన్నది కట్ లోతును, అంచు నలుపును మార్చేస్తుంది. ప్లైవుడ్ అయితే పైకి ఒకేలా కనిపించే రెండు షీట్లలో లోపలి జిగురు వేరుగా ఉండొచ్చు, ఒకటి సులువుగా తెగితే ఇంకొకటి మొండికేస్తుంది. దానికి తోడు స్పీడును కొందరు నిమిషానికి మిల్లీమీటర్లలో చెబుతారు, కొందరు సెకనుకు. నిమిషానికి 6000 అంటే సెకనుకు 100 మాత్రమే. ఆ తేడా చూసుకోకుండా పట్టిక ఎక్కిస్తే 60 రెట్లు తప్పుతుంది.

ఇదే పొరపాటు ఫొటోల్లోనూ జరుగుతోంది. గీతకూ గీతకూ మధ్య 0.1 మిల్లీమీటరు పెడితే అంగుళానికి 254 గీతలు పడతాయి. చుక్క అంతకంటే లావుగా ఉన్న మెషీన్‌లో ఇంకా దగ్గరగా పెడితే గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి బొమ్మ నల్లటి మరకలా మారుతుంది. పాఠం చెప్పినాయన మెషీన్‌లో బాగా వచ్చిందని అదే అంకె పెట్టుకుని, "నాకు చెయ్యి తిరగడం లేదు" అని బాధపడిన సభ్యులను చూశాం. వాళ్ల చేతిలో ఏ లోపమూ లేదు. అరగంట కూర్చుని స్పీడు ఒక వైపు, పవర్ ఇంకో వైపు పెంచుకుంటూ గడులు కాల్చుకుంటే వాళ్ల మెషీన్ భాష వాళ్లకే తెలిసిపోయేది. లైట్‌బర్న్‌లో ఈ గ్రిడ్ తయారుచేసే సాధనం ముందే ఉంది.

ఒక సభ్యురాలికి జరిగింది ఆమె అనుమతితో చెబుతున్నాను. మెషీన్ చెక్క మీద లేత గోధుమ రంగు మరక తప్ప ఏమీ చేయడం లేదు. పవర్ 100 శాతం పెట్టినా అంతే. తనకే రాదనుకుని ఆమె ఒక కోర్సు కొన్నారు. అది పూర్తిగా డిజైన్ మీద నడిచింది. సందేహం రాసి పంపితే రోజులు గడిచినా జవాబు లేదు. ఆఖరికి మన శనివారం కూడికకు మెషీన్ తెచ్చారు. చూస్తే మెషీన్‌ను లోపలి నుంచి నడిపే జీఆర్‌బీఎల్ కంట్రోలర్‌లో పవర్ గరిష్ఠ విలువ 1000 ఉంది, సాఫ్ట్‌వేర్‌లో 255 ఉంది. అంటే ఆమె నూరు శాతం అనుకున్నది నిజానికి పాతిక శాతమే. ఆ రెండు అంకెలూ ఒకటి చేసేసరికి సమస్య పోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్ని వారాలు తనను తాను తప్పుపట్టుకున్నారు పాపం. కోర్సు చెడ్డదని ఇక్కడ నా మాట కాదు. ముందే రికార్డు చేసిన పాఠానికి మన మెషీన్ కనిపించదు.

భద్రత విషయంలో మాత్రం కమిటీకి చాలా బాధ కలిగింది. కొన్ని పాఠాల జాబితాల్లో అది చివర ఉంది, కొన్నిటిలో అసలు కనబడలేదు. కాబట్టి డబ్బు కట్టినవారికీ కట్టనివారికీ చెప్పాల్సింది ఇక్కడే చెబుతున్నాను. పీవీసీని, వినైల్‌ను లేజర్ కింద పెట్టకండి. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, గాలిలోని తేమతో కలిసి ఆమ్లం అవుతుంది. అది ఊపిరితిత్తులనూ వదలదు, మెషీన్ ఇనుమునూ వదలదు. ఏబీఎస్ ప్లాస్టిక్ పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. పేరు తెలియని ప్లాస్టిక్ ముక్క వస్తే, "ఒక్కసారి చూద్దాం" అనుకోకండి.

కళ్లద్దాల సంగతి కూడా అంతే ముఖ్యం. డయోడ్ లేజర్ నీలి కాంతి తరంగదైర్ఘ్యం దాదాపు 450 నానోమీటర్లు, లోహాల మీద ఎక్కువగా వాడే ఫైబర్ లేజర్‌ది 1064, కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ది 10,600. ఒకదాని కోసం చేసిన కళ్లద్దం ఇంకోదానికి రక్షణ ఇవ్వదు. అద్దం మీద ఏ తరంగదైర్ఘ్యానికి ఎంత రక్షణో రాసి ఉండాలి. అది లేని రంగు కళ్లద్దాన్ని నమ్మవద్దు. కిరణం బయటికి తెరిచి ఉండే ఈ డయోడ్ మెషీన్లలో చాలావరకు నాలుగో తరగతి, అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతి లేజర్లే, ప్రతిఫలించి వచ్చిన కాంతి కూడా కంటిని దెబ్బతీయగలదు. మెషీన్ పని చేస్తున్నంతసేపూ గది వదిలి వెళ్లకండి. అక్రిలిక్, ప్లైవుడ్ మంట అందుకోవడానికి క్షణం చాలు.

ఈ పాఠం ఎవరికైనా ఉచితంగానే అందాలి. వచ్చే ఏడాది నుంచి సభ్యత్వం లేనివారికి కూడా మన భద్రతా తరగతి తెరిచి ఉంచాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

మరి డబ్బు కట్టడం ఎప్పుడు గిట్టుబాటు? మీ పని చూసి తప్పు చెప్పే మనిషి అవతల ఉన్నప్పుడు. మీరు కాల్చిన ముక్క ఫొటో పంపితే, "ఫోకస్ రెండు మిల్లీమీటర్లు పైకి పోయింది" అని చెప్పగలిగినవారికి కట్టిన డబ్బు వృథా పోదు. ఫైబర్ గాల్వో మెషీన్ల (అద్దాలు కదిలిస్తూ కిరణాన్ని తిప్పే రకం) వైపు వెళ్లేవాళ్లకు కూడా కోర్సు పనికొస్తుంది. అక్కడ ఫ్రీక్వెన్సీ, పల్స్ వెడల్పు, లోతుగా చెక్కడం వేరే విద్య, తప్పుకు ఖరీదు ఎక్కువ. బొమ్మ గీయడం, అక్షరాల అమరిక తెలియనివారికి డిజైన్ కోర్సు లేజర్ కోర్సు కన్నా ఎక్కువ మేలు చేసింది, ఇది మాకు ఆశ్చర్యం కలిగించింది. ఇంగ్లిష్ మాన్యువల్ అడ్డంకిగా ఉన్నవారికి తెలుగులో ఓపికగా చెప్పేవారు దొరికితే అదీ విలువైనదే.

కట్టేముందు మాత్రం అడగండి. పాఠం ఏ రకం లేజర్ మీద చెబుతున్నారు? కార్బన్ డయాక్సైడ్ మెషీన్ మీద పారదర్శక అక్రిలిక్ కోయడం నేర్పితే డయోడ్ ఉన్నవారికి అక్కరకు రాదు, నీలి కాంతి అందులోంచి దూసుకుపోతుంది. సందేహాలకు జవాబు ఎవరిస్తారు, ఎన్నాళ్లు ఇస్తారు? పాఠాలు ఎప్పటిదాకా మీ దగ్గర ఉంటాయి? డబ్బు వాపసు నిబంధన రాతలో ఉందా? "నెలలో ఇంత సంపాదిస్తారు" అని ముందుగా చెప్పే చోట నా సలహా ఒక్కటే, ఆగండి.

ఇవన్నీ చూశాక కమిటీ నిర్ణయం ఇది. మొదటి నెల ఎవరినీ ఏ కోర్సూ కొనమని సంఘం చెప్పదు. మన కాగితం ప్రకారం టెస్ట్ గ్రిడ్ వరకు వచ్చాక కూడా దారి దొరకకపోతే, ఏది దొరకడం లేదో అప్పటికి స్పష్టంగా తెలుస్తుంది, దానికి తగిన కోర్సు వెతుక్కోవచ్చు. శిక్షణ కోసం పక్కన పెట్టిన నిధితో కోర్సుల సభ్యత్వాలు కొనాలన్న ప్రతిపాదన వీగిపోయింది. ఆ డబ్బుతో సాధన కోసం ప్లైవుడ్, తోలు, అక్రిలిక్ ముక్కలు కొన్నాం. ప్రతి కొత్త సభ్యునికీ చెయ్యి తిరిగిన ఒక సభ్యుడు మూడు నెలలు తోడుగా ఉండే పద్ధతి మొదలైంది. తోడుగా ఉంటున్నవారు తమ సెలవు రోజులు ఇస్తున్నారు, సంఘం తరఫున వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. తోడు ఇచ్చేవారు ఇంకా కావాలి, ముఖ్యంగా ట్యూబ్ మెషీన్ల అద్దాల అమరిక తెలిసినవారు.

మిగతా విషయాలు క్లుప్తంగా. సంఘం మెషీన్‌లో నీటి పంపు, పొగ ఫ్యాన్ మార్చాం. నమూనాల అలమరలో పోత (కాస్ట్) అక్రిలిక్, సాగదీసిన (ఎక్స్‌ట్రూడెడ్) అక్రిలిక్ ముక్కలు పక్కపక్కన పెట్టాం, చెక్కినప్పుడు మొదటిది తెల్లగా వస్తుంది, రెండోది అంతగా రాదు. కొనేముందు వచ్చి చూసుకోండి. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపారు, అభ్యంతరాలుంటే సర్వసభ్య సమావేశానికి ముందే రాతపూర్వకంగా తెలపండి.

ఆ సమావేశానికి వచ్చేటప్పుడు మీరు కాల్చిన టెస్ట్ గ్రిడ్ ముక్కలు తీసుకురండి, చెడిపోయినవి కూడా. వెనక మెటీరియల్ పేరు, దాని మందం, మీ లేజర్ రకం, ఎయిర్ అసిస్ట్ ఉందో లేదో పెన్సిల్‌తో రాయండి. అన్నీ గోడకు వరుసగా పెడతాం.

మీ
కార్యదర్శి